శరణు గవ్వ

శేషతల్పమ్మునందున సేదదీరి
పాము పడగల నీడలో ప్రజలఁ గాచు
వేణుగోపాల! నాలోని విషముఁ దీసి
పలుకులెల్లను మేలైన పాలు సేయు.

అని ఆ స్వామికి మ్రొక్కుకొని, ఇక కథలోనికి వెళ్దాం.

కొడవలూరు దాటి తూర్పుగా సముద్రం వైపు పోయే దారిలో, వరిమళ్ళు ముగిసి రొయ్యలగుంటలు మొదలయ్యే చోట ఒక చిన్న ఊరున్నది. ఆ ఊరి వేణుగోపాలస్వామి గుడి మండపంలో ఏటా ముక్కోటి ఏకాదశినాటి మధ్యాహ్నం వైకుంఠపాళి ఆడతారు. ఉపవాసమున్నవారికి ఆకలి తెలియకుండా పొద్దు గడిచేందుకు పుట్టిన ఆట అది. తరాలు మారేసరికి పూజంత పట్టింపుగా నిలిచిపోయింది. పటం మందపాటి బట్ట మీద ఏనాడో అచ్చువేసినది. నూట ముప్పైరెండు గళ్ళు. గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు కాయ జరపాలి. నిచ్చెన తగిలితే పైకి, పాము తగిలితే కిందికి.

ఇంతవరకు ఏ ఊరిలోనైనా ఉన్నదే. ఆ ఊరిలో మాత్రమే ఇంకా మిగిలి ఉన్న నియమం మరొకటి. పరమపదానికి మూడు గళ్ళ దిగువన 'గర్వం' అని రాసిన గడిలో పెద్దపాము నోరు తెరుచుకొని ఉంటుంది. దాని తోక అట్టడుగు వరుసలో ఉంటుంది. ఆరుగురు ఆటగాళ్ళు మూడేసి మందిగా ఎదురెదురు పీటల మీద కూర్చుంటారు. మొదట్లోనే ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క గవ్వ విడిగా ఇస్తారు. దానిని శరణు గవ్వ అంటారు. అది ఉంచుకున్నవారికి పనికిరాదు. ఎదురు పీట మీది మనిషి పెద్దపాము నోటబడితే లేచి నిలబడి, చేతులు జోడించి 'శరణు' అని అడగాలి. ఎదుటివారు ఆ గవ్వ ఇస్తే కాయ ఉన్నచోటనే నిలుస్తుంది. ఇవ్వకుంటే తోక దాకా జారిపోతుంది. జారినవారు ఆట విడిచి, మిగిలినవారికి మంచినీళ్ళు అందిస్తూ తిరగాలి. గెలిచినవారికి ఆ సాయంత్రం తొలి తీర్థం దక్కుతుంది.

ఆ ఏడు కార్తికమాసం కడపటి ఆదివారంనాడు భజన సమాజం కూడినప్పుడు, వెంకయ్య ఒక పొడుగాటి అట్టగొట్టం తెచ్చి మండపం మధ్య విప్పాడు. ఇరవై ఎకరాల వరి, నాలుగు రొయ్యలగుంటలు ఉన్న మనిషి. మాట చొరవ, నవ్వు చొరవ రెండూ ఎక్కువే.

"చూడండయ్యా! నాయుడుపేటలో అచ్చేసినారు. వైకుంఠపాళి, మన పాత పటం అచ్చేసినోళ్ళదే కొత్త ముద్రణ. వానకు తడవదు, మడతకు చిరగదు. నూరు గళ్ళే. గంటలో అయిపోతాది" అన్నాడు.

"గంటలో అయిపోతే మిగతా పొద్దంతా మా ఆకలి మీ ఇంటికొచ్చి కూర్చుంటాదా అన్నా?" అన్నది మాలకొండమ్మ. ఊరిలో ఎవరినీ ఒక మాట అనకుండా వదలని మనిషి ఆమె.

"కూర్చోనీలే. మోకాళ్ళు పట్టుకోని సాయంత్రం దాకా ఈడ కూర్చునేదానికంటే మేలు గదా."

సమాజం పెద్ద ముత్యాలయ్య కళ్ళజోడు సర్దుకొని పటం మీదికి వంగాడు. "పెద్దపాము యాడుండాది ఇందులో?"

"ఉండాది. రెండు వరసలే దింపుతాది. శరణు గిరణు ఏమీ లేదు. పడినోడు పడతాడు, లేచినోడు లేస్తాడు. ఇంకొకరి దగ్గర చెయ్యి జోడించి అడుక్కునే పని లేదు."

'అడుక్కునే' అన్న మాట వినగానే, స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఆదిశేషమ్మ వేళ్ళు కొంగు చివరను బిగించి పట్టుకున్నాయి. ఎవరూ గమనించలేదు.

ఆమె అడిగి పదకొండేళ్ళయింది. ఆ ముక్కోటినాడు ఆమె భర్త పెంచలయ్య మంచంలో ఉన్నాడు. నెల్లూరు ఆస్పత్రివారు ఇక చేయగలిగింది లేదని ఇంటికి పంపేశారు. ఈ ఏడు తొలి తీర్థం నీ చేతిమీదుగా తాగాలని ఉన్నది అన్నాడాయన. తెస్తానని మాట ఇచ్చి ఆటకు వచ్చింది. పరమపదానికి చేరువవుతున్న వేళ ఆమె కాయ పెద్దపాము నోటబడింది. ఎదురు పీట మీద వెంకయ్య. ఆమె లేచి, చేతులు జోడించి, ఇంట్లో ఎదురుచూస్తున్న మనిషి సంగతి కూడా చెప్పి, శరణు అడిగింది. వెంకయ్య గవ్వను వేళ్ళ మధ్య తిప్పుతూ, "నీ పేరే ఆదిశేషమ్మ గదక్కా! పాముకు పాము అడ్డమొస్తాదా? దిగు దిగు" అని నవ్వాడు. అతడు నవ్వితే మండపం నవ్వింది. ఆమె కడవ ఎత్తుకొని అందరికీ నీళ్ళు పోసింది. అతడికీ పోసింది.

మలి తీర్థం తీసుకొని ఇంటికి వెళితే పెంచలయ్య "తొలిదేనా?" అని అడిగాడు. ఆమె అవునని అబద్ధమాడింది. మాఘమాసంలో ఆయన పోయాడు. తీర్థంతో ఆయన బతికేవాడని ఆదిశేషమ్మ ఏనాడూ అనుకోలేదు, ఆమె అంత అమాయకురాలు కాదు. అయితే కడసారి ఆ మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకు అబద్ధం చెప్పవలసి రావడం ఆమె గుండెలో ముల్లులా విరిగి ఉండిపోయింది. పైగా ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. అప్పటినుంచి ఊరి పిల్లలకు ఆమె 'పామమ్మ' అయింది.

అతడు అడగాలి, తాను ఇవ్వకూడదు. ఆమె కోరిక అంతే. అందుకోసం ఏటేటా అందరికంటే ముందు వచ్చి వెంకయ్య ఎదురు పీట పట్టుకొని కూర్చునేది. ధనుర్మాసం నెలంతా తెల్లవారకముందే తలంటుకొని పాశురాలు చదివి, చివరన ఈ ఒక్క కోరికనే స్వామి పాదాల దగ్గర పెట్టేది. పది ముక్కోట్లు గడిచాయి. చిన్నపాములన్నీ వెంకయ్యను కరిచాయి గాని పెద్దది మాత్రం నోరు మూసుకొనే ఉన్నది. ఇప్పుడు కొత్త పటం వస్తే ఆ నోరు శాశ్వతంగా మూతబడుతుంది.

"అక్షరాలు సన్నంగా ఉండాయి. పటంతో వచ్చిన నియమాల పుస్తకం నాకియ్యండి, నిదానంగా చదివి చెప్తాను" అన్నది ఆమె. ఊరిలో గ్రంథాలు చదివిన మనిషి కావడంతో, అదే మంచిదన్నాడు ముత్యాలయ్య.

మరునాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చొని, పక్కన పుస్తకం తెరిచింది. మూడో పుటలో ప్రకాశకుల మనవి ఇలా ఉన్నది: 'పూర్వ ముద్రణలో పెద్దపాము నోటఁ బడినవారు ఎదుటివారిని శరణు వేడవలెననియు, వేడినంతనే ఎదుటివారు గవ్వ నీయవలెననియు, ఈయనివారు తామే ఆట విడువవలెననియు నియమముండెను. నేఁటి ఆట త్వరగా ముగియుటకై దానిని తొలగించితిమి.'

ఆదిశేషమ్మ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాత పటం వెనుక నియమాలు అచ్చువేసి ఉన్న మాట ఆమెకు తెలుసు. ముత్యాలయ్య తండ్రిగారు పటం అంచులు పీలికలు కాకుండా భక్తితో చుట్టూ ఎర్రగుడ్డ వేసి కుట్టించారు. ఆ కుట్టు కింద అడుగు పంక్తులు దాగిపోయాయి. 'శరణు వేడవలెను' అన్నంతవరకే బయటికి కనిపించేది. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఎదుటివారి మనసు అని ఊరు తనకు తానే అనుకొని, అదే శాస్త్రమన్నట్టు మూడు తరాలు ఆడింది.

అంటే ఆనాడు లేచి కడవ ఎత్తుకోవలసినవాడు వెంకయ్య!

ఈ పుటను నలుగురిలో చదివితే అతడి తల వంగుతుంది. నిజమే. అయితే ఎంత వంగుతుంది? "నాకేం తెలుసక్కా, ఎవరికి తెలుసు?" అని నవ్వేస్తాడు. అతడు నవ్వితే మండపం నవ్వుతుంది. ఇక ఆ పైన శరణు అడిగితే తాను ఇవ్వక తప్పదు. చదవకుండా ఉంటే? అతడు తెలియక చేసిన పనిని తాను తెలిసి చేసినట్టవుతుంది. ఆ తేడా ఎంతటిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెలిసి చేసిన తప్పుకు శిక్ష రెట్టింపని తానే ఎన్నో పురాణకాలక్షేపాలలో నలుగురికీ చెప్పింది.

కంచంలోనుంచి నాలుగు మెతుకులు తీసి, వేలితో మెదిపి, ఆ పుటను పక్క పుటకు అతికించింది. పైన అరచేతితో అదిమి, ఆరేదాకా ఆ చేయి తీయలేదు.

సాయంత్రం తమ్ముడి కూతురు కామాక్షి వచ్చింది. కొడవలూరులో జిరాక్సు అంగడి నడుపుకొంటుంది. కాగితాన్ని చూడగానే పట్టేసే పిల్ల.

"ఈ రెండు పేజీలు అతుక్కోని ఉండాయేంది అత్తా? మెతుకు వాసనొస్తుండాది."

"అన్నం తింటా చదివినాలేవే."

"ఊడదీయమంటావా?"

"చిరిగిపోతాది. వెంకయ్య సొమ్ము, మనకెందుకు!"

కామాక్షి ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, పుస్తకం మూసి పక్కన పెట్టింది.

తరువాతి ఆదివారం ఆదిశేషమ్మ మండపం మధ్య నిలబడి మాట్లాడింది. "పడినవాడు గర్వం విడిచి చెయ్యి జోడించాల. ఎదుటివాడి మనసు ఆ క్షణాన పరీక్షకు నిలవాల. ఈ రెండూ తీసేస్తే మిగిలేది పిల్లకాయల ఆట. మన పెద్దలు ఊరికే పెట్టలేదు దీన్ని. ఈ ఒక్క ఏడు పాతదాంతో ఆడదాం. వచ్చే ఏటికి కొత్తది కావాలంటే మీ ఇష్టం, నేను అడ్డం చెప్పను."

ముత్యాలయ్యకు కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇట్టాంటి మాట చెప్పేవాళ్ళు ఇంకెంతమంది ఉండారయ్యా మనకు!" అన్నాడు. వెంకయ్య కూడా, "అక్క చెప్పినాక ఇంకేముండాది. ఈ ఏటికి పాతదే" అని కొత్త పటాన్ని చుట్టి గొట్టంలో పెట్టేశాడు. ఆదిశేషమ్మ ఇంటికి పోతూ దారిలో తనలో తాను నవ్వుకున్నది. ధర్మం పేరు చెప్పి పగను గెలిపించుకున్నందుకు సిగ్గు కలుగుతుందేమోనని చూసుకున్నది. కలగలేదు.

ముక్కోటి వచ్చింది. సముద్రంలో వాయుగుండమేదో ఉన్నట్టున్నది. పొద్దుటినుంచి సన్నని జల్లు, మండపం రాళ్ళ మీద ఉప్పు తడి. పటం పరిచారు. వెంకయ్య కాయ చింతపిక్క, ఆదిశేషమ్మ కాయ పసుపుకొమ్ము. గవ్వలు లెక్కపెట్టేందుకు కామాక్షి కూర్చున్నది. ఆట సాగి సాగి మూడోజాము వేళకు చింతపిక్క నూట ఇరవై అయిదో గడికి చేరింది. పసుపుకొమ్ము దాని వెనుకనే ఉన్నది. వెంకయ్య కంటె ముందు ఎవరూ లేరు.

"అన్నా, నాలుగు మాత్రం వెయ్యబాకు. ఆ మహాతల్లి నోరు తెరుచుకోని ఉండాది" అన్నది మాలకొండమ్మ.

"ఏ మహాతల్లి, పటంలోదా, ఎదురుగా కూర్చున్నదా?" అన్నాడు వెంకయ్య. అందరూ నవ్వారు. ఆదిశేషమ్మ రెప్ప కూడా వేయలేదు.

అతడు ఏడు గవ్వలనూ దోసిట్లో గలగలలాడించి విసిరాడు. మూడు వెల్లకిలా పడ్డాయి, మూడు బోర్లా పడ్డాయి. ఏడోది దొర్లుకుంటూ పోయి చాప అంచుకు ఆనుకొని నిలిచి, గాలికో, ఎవరి ఊపిరికో, మెల్లగా వెల్లకిలా ఒరిగింది.

"నాలుగు" అన్నది కామాక్షి.

వెంకయ్య చింతపిక్కను ఒక్కొక్క గడే జరిపి పాము నోట్లో పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. చేతులు జోడించాడు.

"శరణు అక్కా."

పదకొండేళ్ళుగా ఈ క్షణానికి ఆమె ఎన్ని మాటలు కూర్చుకున్నదో! పూలదండకు పూలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి పెట్టుకున్నది. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఒక్కటీ గుర్తుకు రాలేదు. గవ్వ ఉన్న పిడికిలిని పైకెత్తి, అందరికీ కనబడేలా బిగించింది.

"నవ్వమను వెంకయ్యా. అందరినీ ఒకతూరి నవ్వమను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరువాత మాలకొండమ్మ కిసుక్కున నవ్వింది. "మింగింది అన్నో! మింగేసింది!" అన్నది. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. ఆదిశేషమ్మ విన్నది. పగ తీరిన రుచి చేదుగా ఉంటుందని శాస్త్రాలు చెబుతాయి. ఆమెకు మాత్రం తీయగానే ఉన్నది. చెరకు కోసినచోట నాలుక పెట్టినంత తీయగా ఉన్నది.

వెంకయ్య కాయను అట్టడుగుకు దించి, మూల ఉన్న కడవ ఎత్తుకున్నాడు. ఒక్కొక్కరికీ చెంబులో నీళ్ళు పోస్తూ వచ్చి ఆమె ముందు వంగాడు. అతడి ముఖంలో కోపం లేదు.

"నాయమే అక్కా. ఆనాడు నేనియ్యలేదు, ఈనాడు నువ్వియ్యలేదు. చెల్లుకు చెల్లు."

ఆ మాట చెవినబడగానే ఆ తీపి అంతా ఒక్కసారిగా పోయింది. చెల్లా? ఆ ఒక్క నవ్వుకు ఈ ఒక్క నవ్వు సరిపోయిందా? పెంచలయ్య అడిగిన ప్రశ్న ఏ లెక్కలో పోయింది? ఊరి పిల్లలు పిలిచిన పేరు ఏ లెక్కలో పోయింది? తేలికపడిన భుజాలతో ఈ మనిషి ఇంటికి పోయి రేపు పారణ చేసి పడుకుంటాడు!

"చెల్లలేదు" అన్నది ఆదిశేషమ్మ. ఆమె గొంతు విని, గవ్వలు అందుకోబోతున్న చేతులు ఆగిపోయాయి. "ఏం చెల్లిందిరా వెంకయ్యా? ఆనాడు నేను లేవాల్సింది కాదు. లేవాల్సింది నువ్వు. శరణంటే ఇచ్చి తీరాల. ఇయ్యనోడే ఆట వదలాల. అదీ నియమం."

"ఎవరు చెప్పినారక్కా?"

"నువ్వు తెచ్చిన పుస్తకమే. మూడో పేజీ. మీకు కనబడకుండా మెతుకులేసి అతికించినా."

ముత్యాలయ్య నోరు తెరిచాడు. "తెలిసి దాచినావా? మరి ఇప్పుడు నువ్వు…"

"తెలిసే ఇయ్యలేదు. ఆ నియమం నాకూ ఉండాది గదా." ఆమె పసుపుకొమ్మును పటం మీదినుంచి తీసి కొంగున ముడివేసుకున్నది. పీట మీదినుంచి లేచింది. పరమపదానికి ఆమె తొమ్మిది గళ్ళ దూరంలో ఉన్నది. ఆ ఏటి తొలి తీర్థం ఆమెకు దక్కేటట్టే ఉన్నది. వెంకయ్య చేతిలోని కడవను లాక్కొని తన చంకన పెట్టుకున్నది. "నాకు తొలి తీర్థం అక్కర్లేదు. తాగేవాళ్ళు లేరు. నువ్వు చేసింది తప్పని నీకు తెలియాల, నీ ఇంటిల్లిపాదికీ తెలియాల. దానికి నా పరువు పోతే పోనీ."

ముత్యాలయ్య పటాన్ని తిరగవేయించాడు. కామాక్షి చిన్న కత్తెరతో ఎర్రగుడ్డ కుట్టు విప్పింది. గుడ్డ కింద వెలిసిపోని నల్లని అక్షరాలు, అచ్చయిననాటి ముదురుతో, మూడు పంక్తులు. ఆమె పైకి చదివింది. ముత్యాలయ్య తల పట్టుకొని, "మా నాయన పదిలం చేసినాననుకున్నాడే" అని గొణిగాడు.

వెంకయ్య వంగి ఆ మూడు పంక్తులనూ తాను కూడా చదువుకున్నాడు. తరువాత అన్నాడు: "గవ్వ ఇయ్యకపోవడం కాదు గదక్కా నిన్ను నొప్పించింది. నవ్వడం."

"రెండూ."

"ఆనాడు నవ్వినందుకు తప్పయిపోయింది. నీ ఇంట్లో మనిషి అట్టా ఉంటే నవ్వినా." ఆ మాట అంటున్నప్పుడు అతడు ఎవరి ముఖమూ చూడలేదు.

ఆమె క్షమించానని అనలేదు. అనడానికి నోరు రాలేదు, రప్పించుకోవాలని ప్రయత్నించనూ లేదు. వెంకయ్య మళ్ళీ పీట ఎక్కనన్నాడు. మిగిలిన నలుగురిలో మాలకొండమ్మ ఆట గెలిచింది. తొలి తీర్థం పుచ్చుకునేటప్పుడు ఏ మాటా అనకుండా ఊరుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

తీర్థం అయినాక ముత్యాలయ్య అందరినీ నిలిపి, "తేలిపోవాలయ్యా ఇది. వచ్చే ఏటికి కొత్త పటమా, పాతదా? చేతులెత్తండి. కొత్తది?" అన్నాడు.

ఒక్క చేయి లేచింది. అది ఆదిశేషమ్మది. "నాకిక ఆ పాతదాంతో పని లేదు. పారేయండి" అన్నది.

"పాతది?"

అందరికంటే ముందు లేచిన చేయి, కొత్త పటం తెచ్చిన వెంకయ్యది. "పాతదే. అసలు నియమంతో" అన్నాడు. చుట్టూ చేతులు ఒకటొకటిగా లేచాయి. అత్త వైపు చూస్తూనే కామాక్షి కూడా ఎత్తింది.

జల్లు తగ్గింది. అందరూ చెప్పులు వెదుక్కుంటున్నారు. వెంకయ్య మెట్ల దగ్గర ఆగి, "వచ్చే ముక్కోటికి ఎదురు పీట నీదే గదక్కా?" అని అడిగాడు.

"నాదే. పదకొండేళ్ళు కూర్చున్నదాన్ని, పన్నెండో ఏడు లేచిపోతానా?"

"అడిగితే ఇస్తావు గదా మరి?"

"ఇయ్యక తప్పుతాదా! నియమం గదా. కానీ వెంకయ్యా, నువ్వు మళ్ళా అదే నోట్లో పడాలని, మళ్ళా అందరి ముందర చెయ్యి జోడించాలని, రేపటినుంచి రోజూ స్వామిని అడగబోతుండా. ఆ మాట మనసులో పెట్టుకోని ఆడు."

వెంకయ్య నవ్వలేదు. "అడుగక్కా" అని తలవంచి, చీకటి పడకముందే గుంటల గట్టు పట్టి వెళ్ళిపోయాడు. ఆదిశేషమ్మ కడవను బోర్లించి, పొద్దున తాను తీసుకున్న మండపం తాళం చెవులు ముత్యాలయ్యకు అప్పగించి, కామాక్షి భుజం పట్టుకొని మెట్లు దిగింది.

ఈ కథను ఓపికగా విన్న మీ అందరి ఇళ్ళలో పాడిపంటలు నిండుగా ఉండుగాక. చేతులు జోడించి అడిగే అవసరం మీకు రాకుండుగాక. మిమ్మల్ని ఎవరైనా అడిగిననాడు మీ నోట నవ్వు కంటె ముందు మీ పిడికిలి విడివడేటట్టు ఆ వేణుగోపాలుడు మిమ్మల్ని కాచి రక్షించుగాక.